విడాకుల్లో కుటుంబ వ్యాపారం: విలువ ఎలా కట్టాలి, ఎవరికి ఏ పంపకం నప్పుతుంది

పదేళ్ల చిట్టా మొత్తం ఆమె చేతిరాతలోనే ఉంది. ఏ రోజు ఎంత సరుకు దిగింది, ఎవరికి ఎంత అరువిచ్చారు, ఏ పనివాడు ఎంత అడ్వాన్సు తీసుకున్నాడు, అన్నీ నీలం సిరాతో వరసగా ఉన్నాయి. జీతాల పట్టీ తెరిస్తే మాత్రం అందులో ఆమె పేరు లేదు. కంపెనీ వాటాల కాగితాల్లోనూ లేదు. వ్యాపారాల లెక్కలు చూసే పనిలో ఇలాంటి పుస్తకాలు ఎన్నిసార్లు ముందుకొచ్చినా నాకు మనసు బరువెక్కుతుంది. ఇల్లు, నగలు, బ్యాంకు డిపాజిట్లు ఎలాగోలా పంచేయొచ్చు. ఇద్దరి చేతుల మీదుగా పెరిగిన వ్యాపారం దగ్గరికొచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది. దాని మీద ధర రాసి ఉండదు, రెండు ముక్కలు చేస్తే చాలాసార్లు రెండూ నడవవు, పైగా ఇద్దరి బతుకూ దాని మీదే.

ఇక్కడ రెండు ప్రశ్నలు పెనవేసుకుని ఉంటాయి. దీని విలువెంత? దీన్ని ఎలా పంచాలి? చాలామంది మొదటి ప్రశ్న మీదే ఏళ్లకేళ్లు కొట్లాడతారు. నేను చూసినంతలో రేపటి బతుకును మార్చేది రెండోది. వ్యాపారం విలువ 50 అని కోర్టులో గెలిచి, తన వాటా కోసం ఆరేళ్లు తిరిగినవారి కంటే, 40కే ఒప్పుకుని డబ్బు చేతపట్టుకుని బయటపడ్డవారే నెమ్మదిగా ఉన్నారు. అందుకే కింద రెండింటినీ విడివిడిగా చెబుతాను.

వ్యాపారం నడుపుతూ అందులోనే మిగిలేవారిని ‘ఉండేవారు’ అంటాను, బయటికి వచ్చేవారిని ‘తప్పుకునేవారు’ అంటాను. భర్తయినా భార్యయినా కావచ్చు. అంకెలకు ఏ దేశపు డబ్బైనా అనుకోండి.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు తెలియాల్సింది, మీకు వర్తించే చట్టం ఈ వ్యాపారాన్ని పంపకంలోకి తెస్తుందా, తెస్తే ఎంతవరకు అన్నది. ఇది చోటుని బట్టి పూర్తిగా మారిపోతుంది. అమెరికాలో కాలిఫోర్నియా, టెక్సస్, వాషింగ్టన్ సహా 9 రాష్ట్రాల్లో పెళ్లయ్యాక సంపాదించింది ఇద్దరి ఉమ్మడి ఆస్తి. తక్కిన రాష్ట్రాల్లో కోర్టు ‘న్యాయమైన పంపకం’ చేస్తుంది, అది సరిసగమే కావాలని లేదు. ఇంగ్లండ్‌లో 2000లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన వైట్ వర్సెస్ వైట్ తీర్పు పెద్ద మలుపు. ఆ దంపతులు కలిసి పాడి వ్యవసాయ వ్యాపారం నడిపినవారే. సంపాదించినవారికీ ఇల్లు నడిపినవారికీ మధ్య తేడా చూపకూడదనీ, ఏ పంపకాన్నైనా సమానత్వం అనే కొలతతో ఒకసారి సరిచూసుకోవాలనీ ఆ తీర్పు చెప్పింది. జర్మనీలో వేరే ఒప్పందం లేకపోతే ఆస్తులు ఎవరివి వారివే. పెళ్లికాలంలో ఎవరి ఆస్తి ఎంత పెరిగిందో లెక్కకట్టి, ఎక్కువ పెరిగినవారు ఆ తేడాలో సగం డబ్బుగా ఇవ్వాలి.

భారత్‌లో గోవాను పక్కన పెడితే, పెళ్లితోనే భాగస్వామి వ్యాపారంలో సగం వాటా వచ్చే నియమం లేదు. హిందూ వివాహ చట్టం 1955లోని 27వ సెక్షన్ పెళ్లి సమయంలో ఇచ్చిన, ఇద్దరికీ చెందే ఆస్తుల గురించే మాట్లాడుతుంది. వ్యాపారం విలువ అక్కడ ఎక్కువగా 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం లెక్కలోకో, పరస్పర అంగీకారపు సెటిల్‌మెంట్‌లోకో వస్తుంది. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపాలని 2020లో రజనేష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పడం తప్పుకునేవారికి గట్టి ఆసరా. మీ పేరున వాటాలుంటే, మీ డబ్బు పెట్టుబడిగా వెళ్లిన బ్యాంకు ఆధారం ఉంటే, అది విడిగా మీ హక్కు. ఆ కాగితాలు వెతకడం ఈ రోజే మొదలుపెట్టండి.

చట్టం తర్వాత, ఏ దారినైనా ఈ కొలతలతో తూచండి:

- ఏ తేదీ నాటి విలువ? విడిపోయిన రోజా, కేసు వేసిన రోజా, విచారణ రోజా? మధ్యలో ఒక పెద్ద ఆర్డరు వచ్చినా పోయినా లెక్క తలకిందులవుతుంది.
- వ్యాపారంలో నిజంగా చేతికందే నగదు ఎంత? కాగితం మీది లాభం వేరు, గల్లాపెట్టెలో మిగిలేది వేరు.
- అప్పులకు హామీ సంతకం ఎవరెవరు పెట్టారు?
- భాగస్వామ్య ఒప్పందంలోనో కంపెనీ నియమావళిలోనో వాటా బదిలీకి అడ్డు ఉందా? అన్నదమ్ములు, తల్లిదండ్రులు వాటాదార్లుగా ఉన్నచోట ఇది తప్పకుండా ఉంటుందనుకోండి.
- విడాకుల తర్వాత మీరిద్దరూ ఒకరి ఫోను ఒకరు ఎత్తగలరా?

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. నా లెక్కలో మిగతా నాలుగింటి కంటే బరువైనది అదే.

## విలువ కట్టే మూడు దారులు

| పద్ధతి | దేన్ని చూస్తుంది | ఎక్కడ నప్పుతుంది | ఎక్కడ దెబ్బతింటాం |
|---|---|---|---|
| ఆస్తుల లెక్క | యంత్రాలు, స్టాకు, రావాల్సిన బాకీల నేటి ధర. అందులోంచి అప్పులు తీసివేత | స్థలాలు, భారీ యంత్రాలున్న వ్యాపారం. లాభం లేని, మూసే దశలో ఉన్న వ్యాపారం | పేరు, ఖాతాదారులు లెక్కలోకి రావు |
| ఆదాయం లెక్క | ఏటా నికరంగా మిగిలేది, దానికి తగిన రాబడి రేటు | నాలుగైదేళ్లుగా నిలకడగా నడుస్తున్న వ్యాపారం | రేటు కాస్త కదిలినా విలువ చాలా కదులుతుంది |
| మార్కెట్ లెక్క | అలాంటి వ్యాపారాలు ఎంతకు అమ్ముడయ్యాయి | పోల్చదగిన అమ్మకాలు దండిగా ఉన్న రంగం | ప్రైవేటు అమ్మకాల అసలు షరతులు బయటికి రావు |

పట్టికలో మూడూ సమానంగా కనిపిస్తున్నా, గొడవంతా రెండోదాని దగ్గరే. ఒక చెక్కసామాను వర్క్‌షాపు అనుకుందాం. పుస్తకాల్లో ఏడాది లాభం 26. దీన్ని అలాగే తీసుకుని, కొనేవారు 20 శాతం రాబడి ఆశిస్తారనుకుంటే విలువ 130 (26ని 20 శాతంతో భాగిస్తే వచ్చేది). ఇప్పుడు పుస్తకాలు దగ్గరపెట్టుకుని చదవండి.

ఇంటి కారు పెట్రోలు, పిల్లల ఫోన్లు, ఒక విహారయాత్ర, అన్నీ కలిపి 6 వ్యాపార ఖర్చుగా రాశారు. అది తిరిగి కలపాలి: 32. యజమాని జీతం తీసుకోలేదు. ఆ పని చేయడానికి బయటి మనిషిని పెడితే 12 ఇవ్వాలి. తీసేస్తే 20. లెక్కలు, బాకీల వసూళ్లు చూసిన భార్యకూ జీతం లేదు. ఆ పనికి బజారు జీతం 5. మిగిలింది 15. వర్క్‌షాపు షెడ్డు కుటుంబం పేరున ఉంది, అద్దె లేదు. బయట అయితే 5. ఇక మిగిలింది 10. అదే 20 శాతం రాబడితో విలువ 50.

130 ఎక్కడ, 50 ఎక్కడ? ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఎవరు ఏ గీత దగ్గర ఆగారన్నదే తేడా. ఉండేవారు తన పనికి బజారు జీతం 12 కాదు 16 అంటారు, విలువ 30కి పడిపోతుంది. తప్పుకునేవారి తరఫు వాల్యుయర్, అంటే విలువ కట్టే నిపుణుడు, 9 చాలంటాడు, 65కి లేస్తుంది. రేటు 20కి బదులు 25 శాతమంటే 50 కాస్తా 40. కాబట్టి నివేదిక చేతికి రాగానే చివరి పేజీలోని మొత్తం చూడకండి. యజమాని జీతం ఎంత వేశారు, అద్దె ఎంత, రేటు ఎంత, ఆ మూడు అంకెలు వెతకండి. బేరం అక్కడే జరుగుతుంది.

అదే వర్క్‌షాపు ఆస్తుల లెక్కలో: యంత్రాలు 25, స్టాకు 12, రావాల్సిన బాకీలు 8, కలిపి 45; అప్పు 10 తీస్తే 35. ఆదాయం లెక్క 50కీ దీనికీ ఉన్న 15 తేడాయే గుడ్‌విల్, అంటే పేరు, ఖాతాదారుల వల్ల వచ్చే విలువ. షెడ్డు వ్యాపారం పేరున లేదు కనుక దీనిలో కలపలేదు, విడిగా పంచాలి. అద్దె తీసేసి, షెడ్డు ధర కూడా వ్యాపారంలో కలిపేసిన నివేదికలు వస్తుంటాయి, కనిపెట్టుకుని ఉండండి.

అమెరికా పన్నుల శాఖ 1959లో ఇచ్చిన 59-60 రూలింగ్ వారసత్వ, బహుమతి పన్నుల కోసం రాసినదే అయినా, అక్కడి విడాకుల కేసుల్లోనూ వాల్యుయర్లు దాన్నే మొదట తెరుస్తారు. వ్యాపారం చరిత్ర, రంగం తీరు, పుస్తక విలువ, సంపాదించే శక్తి, డివిడెండ్లు (వాటాదార్లకు పంచే లాభం) ఇచ్చే శక్తి, గుడ్‌విల్, గతంలో వాటాల అమ్మకాలు, పోల్చదగిన లిస్టెడ్ కంపెనీల ధరలు అని 8 అంశాలు చెబుతుంది. మీ నివేదికలో వీటిలో ఏది అసలు ప్రస్తావనకే రాలేదో చూసుకోవడానికి మంచి చెక్‌లిస్టు. అంత చేసినా వచ్చేది అంచనాయే. ప్రైవేటు కంపెనీల వాటాల విలువలు చాలా పెళుసైనవని ఇంగ్లండ్ కోర్టులు పదేపదే అన్నాయి, 2018లో వెర్‌స్టీగ్ కేసులో అప్పీలు కోర్టూ అదే గుర్తుచేసింది.

ఒక్క సంవత్సరం లెక్క మీద ఎప్పుడూ ఒప్పుకోవద్దు. కాపురంలో గొడవలు మొదలైన ఏడాదే లాభం పడిపోయిందంటే ఐదేళ్ల పుస్తకాలు పక్కపక్కన పెట్టండి. అమ్మకాలు తగ్గకుండా లాభం తగ్గిందా? కొత్తగా ఒక సరఫరాదారు పుట్టుకొచ్చాడా, అతనికి ఎక్కువ ధర చెల్లిస్తున్నారా? వసూలవాల్సిన బిల్లులు కావాలని ఆపారా? ఏడాది చివరి స్టాకు లెక్క అంతకు ముందరి ఏళ్ల తీరుకి పొసగుతోందా? స్టాకు తక్కువ రాస్తే లాభం దానంతటదే తగ్గుతుంది, బయటివారికి కనిపించదు. ఇంకో మాట. పుస్తకాల్లో రాయని నగదు అమ్మకాలున్నాయని కోర్టులో చెబితే విలువ పెరగొచ్చు. అయితే పన్ను రిటర్నుల మీద మీ సంతకమూ ఉంటే ఆ మాట మీ మెడకూ చుట్టుకుంటుంది. వకీలుతో మాట్లాడకుండా ఆ మాట కాగితం మీద పెట్టకండి.

## లెక్క తేలాక మొదలయ్యే మూడు తగాదాలు

గుడ్‌విల్ ఎవరిది? వ్యాపారం పేరు, స్థలం, పనివాళ్ల వల్ల ఖాతాదారులు వస్తుంటే అది సంస్థ గుడ్‌విల్. ఆ డాక్టరు కోసమో, ఆ డిజైనరు కోసమో వస్తుంటే అది మనిషి గుడ్‌విల్. టెక్సస్, ఫ్లోరిడా లాంటి చోట్ల రెండోది పంపకంలోకి రాదు. కాలిఫోర్నియాలో వృత్తి గుడ్‌విల్‌ని కూడా లెక్కిస్తారు. న్యూయార్క్ ఇంకా ముందుకెళ్లి, 1985లో ఓబ్రయన్ కేసులో డాక్టరు లైసెన్సునే ఉమ్మడి ఆస్తిగా చూసింది. తర్వాత 2015లో చట్టం మార్చి ఆ దారి మూసేసింది. ఒక పరీక్ష నాకు ఉపయోగపడుతుంది: ఉండేవారు వ్యాపారం అమ్మేసి, పక్క వీధిలో అదే పని మొదలుపెడితే, ఖాతాదారుల్లో ఎంతమంది వెంట వెళ్తారు? వెళ్లేవారంతా మనిషి గుడ్‌విల్.

తగ్గింపు ఇవ్వాలా? ప్రైవేటు వాటా అమ్మడం కష్టం కనుక కొంత, మెజారిటీ లేదు కనుక కొంత తగ్గించాలని ఉండేవారి తరఫు అడుగుతుంది. 50లో సగం 25; 30 శాతం తగ్గిస్తే 17.5. బయటివారికి అమ్మేటప్పుడు ఈ వాదనకు అర్థం ఉంది. మొత్తం వ్యాపారం ఒకే మనిషి చేతిలో మిగులుతున్నప్పుడు, ఎవరికీ అమ్మనిదానికి అమ్మకం కష్టమని తగ్గించుకోవడం నాకు న్యాయంగా తోచదు. సోదరులతో కలిసి 20 శాతం వాటా మాత్రమే ఉన్నవారి సంగతి వేరు. అక్కడ తగ్గింపు అడగడం సబబే, ఆ వాటాతో వాళ్లు డివిడెండు కూడా ప్రకటించుకోలేరు.

ఒకే డబ్బు రెండుసార్లా? ఏడాదికి మిగిలే 10 ఆధారంగా విలువ 50 కట్టి అందులో సగం ఇచ్చాక, మళ్లీ అదే 10 చూపించి భరణం అడిగితే ఒకే రాబడిని రెండుసార్లు పంచినట్టు. భరణాన్ని, ఉండేవారి జీతం 12 మీద లెక్కిస్తే ఆ చిక్కు లేదు. ఉండేవారి వకీళ్లు ఇది తప్పక లేవనెత్తుతారు, తప్పుకునేవారు ముందే సిద్ధంగా ఉండాలి.

## పెళ్లికి ముందే ఉన్న వ్యాపారమైతే

వారసత్వంగా వచ్చినా, పెళ్లికి ముందే మొదలైనా, అసలు మూలధనం ఒకరిది, పెరుగుదలలో ఇద్దరి వాటా ఉండొచ్చు. ఆ పెరుగుదలను విడదీయడానికి కాలిఫోర్నియా కోర్టుల రెండు పాత సూత్రాలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. 1909 నాటి పెరీరా, 1921 నాటి వాన్ క్యాంప్. ఇతర దేశాలవారికి కూడా ఆలోచించే దారిగా ఇవి పనికొస్తాయి.

పెళ్లినాటికి విలువ 40, పదేళ్లకు 120 అనుకుందాం. పెరీరా లెక్కలో మూలధనానికి న్యాయమైన వడ్డీ, ఏటా 7 శాతం సాధారణ వడ్డీ అనుకుంటే, 28 కలుపుతారు. 68 విడి ఆస్తి, మిగిలిన 52 ఉమ్మడి. వాన్ క్యాంప్ లెక్కలో యజమాని శ్రమకు రావాల్సిన జీతం చూస్తారు. ఏటా 12 చొప్పున పదేళ్లకు 120. ఇంటి ఖర్చుల కింద ఇప్పటికే 110 తీసుకున్నారు. మిగిలిన 10 మాత్రమే ఉమ్మడి, 110 విడి ఆస్తి.

ఒకే వ్యాపారం, ఒకే పదేళ్లు. ఒక లెక్కలో 52, ఇంకో లెక్కలో 10. పెరుగుదలకు మనిషి కష్టం ముఖ్య కారణమైతే మొదటిది, స్థలం ధర పెరగడమో, రంగం ఊపో కారణమైతే రెండోది నప్పుతుంది. అందువల్ల తప్పుకునేవారు వెతకాల్సిన ఆధారాలు కష్టానికి సంబంధించినవి: కొత్త ఖాతాదారులు ఎవరి వల్ల వచ్చారు, కొత్త శాఖ ఎవరు తెరిచారు, రోజుకు ఎన్ని గంటలు పనిచేశారు. ఉండేవారు వెతకాల్సింది పెళ్లినాటి విలువకు ఆధారం. అది లేకపోతే 40 అన్న మొదటి అంకే నిలవదు.

## పంచుకునే దారులు

| దారి | తప్పుకునేవారికి భద్రత | ఉండేవారి మీద నగదు భారం | తర్వాత ఒకరితో ఒకరికి పని |
|---|---|---|---|
| ఒకేసారి డబ్బిచ్చి కొనేయడం | చాలా ఎక్కువ | చాలా ఎక్కువ | ఉండదు |
| ఇల్లు, డిపాజిట్ల లాంటి ఆస్తులతో సరిపెట్టడం | ఎక్కువ | తక్కువ | దాదాపు ఉండదు |
| వాయిదాలు | తాకట్టును బట్టి | ఏళ్ల తరబడి మోయాలి | చివరి వాయిదా దాకా |
| ఇద్దరూ వాటాదార్లుగా కొనసాగడం | తక్కువ | లేదు | రోజూ |
| బయటివారికి అమ్మేసి పంచుకోవడం | ఎక్కువ | లేదు | అమ్మేదాకా |
| శాఖలుగా విడదీసుకోవడం | మధ్యస్థం | మధ్యస్థం | సరుకు, పేరు విషయంలో కొంత |

ఒకేసారి కొనేయడం కుదిరితే ఇక వేరే దారి చూడక్కర్లేదు. సాధారణంగా బ్యాంకు అప్పు తీసుకుని ఇస్తారు. విలువ మీద కాస్త తగ్గి అయినా సరే తప్పుకునేవారు దీన్ని ఎంచుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. కొత్త అప్పుతో వ్యాపారం ఊపిరాడకుండా పోతుందేమో ఉండేవారు చూసుకోవాలి.

ఆస్తులతో సరిపెట్టడం ఎక్కువమందికి కుదిరే దారి. మన వర్క్‌షాపులో షెడ్డు విలువ 30 అనుకోండి. వ్యాపారం 50, షెడ్డు 30, మొత్తం 80, చెరో 40. ఉండేవారికి వ్యాపారం, తప్పుకునేవారికి షెడ్డు, దానిపైన 10 నగదు. చూడటానికి చక్కగా అమరింది. రెండు విషయాలు ఆలోచించండి. ఉండేవారు ఇప్పుడు మాజీ భాగస్వామికి ఏటా 5 అద్దె కట్టాలి, కాబట్టి దీర్ఘకాలపు లీజు రాసుకోకపోతే ఇద్దరికీ ముప్పే: ఒకరికి ఖాళీ చేయమంటారన్న భయం, ఇంకొకరికి ఖాళీ చేసి పోతారన్న భయం. రెండోది, ఒకరి చేతికి గట్టి ఆస్తి, ఇంకొకరి చేతికి ముప్పుతో కూడిన వ్యాపారం వచ్చింది. అంకెలు సమానమైనా బరువు సమానం కాదు. 2002లో వెల్స్ కేసులో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు చెప్పింది సరిగ్గా ఇదే. భద్రమైన ఆస్తులూ, ముప్పున్న ఆస్తులూ రెండూ ఇద్దరికీ న్యాయంగా పంచాలని చెప్పింది. ఈ బరువును లెక్కలోకి తేవడానికి ఉండేవారు కాస్త ఎక్కువ అడిగితే అది అత్యాశ అనుకోకండి.

పన్ను కూడా ఇక్కడే దాక్కుని ఉంటుంది. అమెరికాలో 1984 నుంచి 1041వ సెక్షన్ ప్రకారం విడాకుల్లో భాగంగా ఒకరి నుంచి ఒకరికి బదిలీ అయిన ఆస్తి మీద అప్పటికి పన్ను లేదు. కానీ పాత కొన్న ధరే కొత్త యజమానికీ సంక్రమిస్తుంది. 5కి కొన్న వాటాలు నేడు 50 అంటే, అమ్మిన రోజున 45 లాభం మీద పన్ను పడేది పుచ్చుకున్నవారికే. 50 నగదూ 50 విలువైన వాటాలూ ఒకటి కావు.

వాయిదాలు అనగానే అందరూ నెలకెంత అని అడుగుతారు. అంతకంటే ముందు, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో గీత గీసి చూడండి. షెడ్డు తప్పుకునేవారికి వెళ్లినా, విలువ గొడవ వల్ల వాళ్లకింకా 25 ఇవ్వాల్సి వచ్చిందనుకుందాం, ఐదేళ్లలో ఏటా 5. ఇదే వర్క్‌షాపులో సొంత ఖర్చులు కలుపుకుని చేతికొచ్చేది 32. ఇన్నాళ్లూ జీతం లేకుండా లెక్కలు చూసిన మనిషి వెళ్లిపోయింది, కొత్త అకౌంటెంటుకి 5. ఉండేవారు బతకడానికి 12. షెడ్డు అద్దె 5. మిగిలింది 10. బ్యాంకు వాయిదా 3, యంత్రాల మరమ్మతులకు 2. ఇక 5. పన్ను ఇంకా తీయలేదు. అంటే మొదటి ఏడాదే వాయిదా తప్పుతుంది! అదే 25ని ఎనిమిదేళ్లకు పరిస్తే ఏటా 3 పైచిలుకు, దానిపై వడ్డీ. మంచి ఏడాదిలో కట్టగలరు, చెడ్డ ఏడాదిలో కష్టపడతారు. ఉండేవారు ఈ లెక్క చేసుకోకుండా ఒప్పుకోవడం, తప్పుకునేవారు ఈ లెక్క అడగకుండా సంతకం పెట్టడం, రెండూ చేటే.

వాయిదాల ఒప్పందంలో వడ్డీ ఉండాలి. ఏదైనా స్థిరాస్తి తాకట్టుగానో, వాటాలు కుదవగానో ఉండాలి. రెండు వాయిదాలు తప్పితే మొత్తం బాకీ ఒక్కసారే చెల్లించాలన్న షరతు ఉండాలి. బాకీ తీరకముందే వ్యాపారం అమ్మితే ఏమవుతుందో రాసి ఉండాలి. ఉండేవారు మరణిస్తే బాకీ తీర్చేంత జీవిత బీమా ఉంటే ఇంకా మంచిది. జర్మనీ చట్టంలో, వెంటనే చెల్లించడం మరీ ఇబ్బందయ్యే సందర్భాల్లో కోర్టు గడువు ఇవ్వగలదు, దానికి వడ్డీ వేయగలదు, తాకట్టు అడగగలదు. కోర్టు బయట రాసుకునేవారు కూడా ఈ మూడింటినీ అలాగే కలిపి ఉంచుకోవాలి. గడువు మాత్రం ఇచ్చి మిగతా రెండూ వదిలేస్తే అది నమ్మకం మీద ఇచ్చిన చేబదులే.

ఇద్దరూ కొనసాగడం గురించి సూటిగా చెబుతాను: చాలామందికి ఇది పనిచేయదు. కాపురంలో తెగని తగవు కౌంటరు మీదికి వస్తుంది, పనివాళ్లు రెండు వర్గాలవుతారు. పనుల విభజన ఏళ్లుగా స్పష్టంగా ఉండి, విడిపోవడంలో పగ లేకుండా ఉంటే తప్ప దీని జోలికి వెళ్లకండి. వెళ్తే, ఎవరి నిర్ణయం ఎక్కడ చెల్లుతుంది, జీతాలెంత, లాభం ఎప్పుడు పంచాలి, ఒకరు వెళ్లాలనుకుంటే ఏ లెక్కన కొనాలి అన్నది ముందే రాసుకోండి. పని చేయకుండా వాటా మాత్రం ఉంచుకునే తప్పుకునేవారికి ఇంకో ప్రమాదం ఉంది: లాభమంతా వ్యాపారంలోనే ఉంచేసి పైసా డివిడెండు ఇవ్వకపోతే, చేతిలో ఉండేది కాగితమే.

అమ్మేయడం అంకెల తగాదా మొత్తాన్ని ముగిస్తుంది, కొన్నవారు ఇచ్చిందే విలువ. బలవంతపు అమ్మకమని తెలిస్తే ధర పడిపోతుంది, పనివాళ్ల బతుకుతెరువూ పోవచ్చు. శాఖలుగా విడదీయడం రెండు దుకాణాలో రెండు యూనిట్లో విడివిడిగా నడుస్తున్నచోటే. పేరు ఎవరు వాడుకోవాలి, ఒకరి ఖాతాదారుల దగ్గరికి ఇంకొకరు వెళ్లొచ్చా అన్నది తేల్చుకోవాలి.

## మీ పరిస్థితికి ఏది?

జీతం లేకుండా వ్యాపారంలో పనిచేసి తప్పుకుంటున్నవారు. మీ శ్రమకు రుజువే మీ బలం. చిట్టా పుస్తకాలు, ఖాతాదారులకు పంపిన సందేశాలు, బ్యాంకు కాగితాల మీది సంతకాలు భద్రపరచండి. వ్యాపారంలోకి వెళ్లే వీలు రేపు ఉండకపోవచ్చు కనుక, మీకు చూసే హక్కున్న పుస్తకాలకు ఈ వారమే నకళ్లు తీసుకోండి. పిల్లలు మీ దగ్గరుంటే ఆస్తులతో సరిపెట్టే దారి మొదట చూడండి, వాయిదాలను చివరికి ఉంచండి.

నడుపుతూ ఉండేవారు. లాభం తగ్గించి చూపే పని చేయకండి. ఒక్క దొంగ బిల్లు దొరికినా మీ మిగతా నిజాలన్నీ చెల్లకుండా పోతాయి. బదులుగా నగదు లెక్కను నిజాయితీగా పరచి, ఇది మించి కట్టలేనని చూపించండి. మీకు మేలు చేసేది అదే.

ఇద్దరికీ పెద్దగా డబ్బు లేని చిన్న వ్యాపారం. ఇద్దరు వాల్యుయర్లు, ఇద్దరు వకీళ్లు కలిసి వ్యాపారం విలువకు మించి తినేయగలరు. ఇద్దరూ ఒప్పుకున్న ఒకే వాల్యుయర్‌ని పెట్టుకోండి. ఇంగ్లండ్ కుటుంబ కోర్టుల్లో సాధారణంగా చేసేది అదే. వాల్యుయర్‌కి అడిగే ప్రశ్నలు ఇద్దరూ కలిసి రాసివ్వండి, యజమాని జీతం, అద్దె, రేటు ఎలా నిర్ణయించారో వివరంగా రాయమనండి. పెద్ద వ్యాపారమైనా, పుస్తకాల మీద అనుమానమున్నా సొంత మనిషిని పెట్టుకునే ఖర్చు దండగ కాదు.

అత్తమామలు, అన్నదమ్ములు భాగస్వాములుగా ఉన్నవారు. ఇక్కడ మీకు ఎదురుగా ఉన్నది ఒక్క మనిషి కాదు. ఒప్పందం ప్రకారం వాటా బయటికి రాలేకపోతే డబ్బు మాత్రమే అడగగలరు. వాటా పుస్తక విలువకే కొనాలని ఒప్పందంలో ఉందని చూపిస్తే ఆ అంకె దగ్గర ఆగకండి. విడాకుల లెక్కకు ఆ నిబంధన వర్తిస్తుందో లేదో మీ చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది, వకీలుని అడగండి.

అందరికీ కలిపి ఒకటి. వర్క్‌షాపు అప్పుకి తప్పుకునేవారు ఎప్పుడో హామీ సంతకం పెట్టి ఉంటారు, చాలామందికి గుర్తు కూడా ఉండదు. ‘అప్పులన్నీ ఉండేవారివే’ అని విడాకుల ఒప్పందంలో రాసుకున్నా బ్యాంకుకి ఆ కాగితంతో సంబంధం లేదు. ఆరేళ్ల తర్వాత వ్యాపారం దెబ్బతింటే నోటీసు మీ ఇంటికీ వస్తుంది. అందుకని సెటిల్‌మెంట్ తేదీ ఖాయం చేసుకునే ముందే బ్యాంకుకి వెళ్లండి, హామీని ఉండేవారి పేరుకో, కొత్త తాకట్టుకో మార్చమని రాతపూర్వకంగా అడగండి. మీ పేరు తీసేసినట్టు బ్యాంకు ఇచ్చిన లేఖ చేతికందాకే ఒప్పందం మీద సంతకం పెట్టండి.